కామ్‌షాఫ్టు టైమింగు లోపములు

అంతర్దహన యంత్రములో వాల్వులు తెరుచుకొని మూసుకొనే సమయము, పిస్టనుల కదలికతో సరిపోలకుండా పోవడాన్ని కామ్‌షాఫ్టు టైమింగు లోపము అంటారు. పెట్రోలు, డీజిలు, సి.ఎన్.జి. కారులన్నిటిలోను ఇది ఏర్పడవచ్చును. లోపము స్వల్పముగా ఉన్నప్పుడు కారు పికప్ తగ్గి, ఇంధనము ఎక్కువగా ఖర్చవుతుంది. తీవ్రమైనప్పుడు ఇంజను ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొన్ని రకాల ఇంజనులలో పిస్టనులు వాల్వులను గుద్దుకొని, కొన్ని వేల రూపాయలతో పోవలసిన పని మొత్తము ఇంజను మరమ్మతుగా మారుతుంది. అందువలన ఈ లోపమును తొలిదశలోనే గుర్తించడము, విడిభాగములు మార్చడానికి ముందు దానిని నిర్ధారించుకోవడము ముఖ్యము. విద్యుత్ మోటారుతో మాత్రమే నడిచే కారులలో కామ్‌షాఫ్టు ఉండదు కనుక ఈ సమస్య వాటికి లేదు.

చరిత్ర

గుండ్రముగా తిరిగే కదలికను పైకి క్రిందికి జరిగే కదలికగా మార్చే ఉబ్బెత్తు చక్రమును కామ్ అంటారు. అటువంటి కామ్‌లు వరుసగా ఉన్న ఇరుసు కామ్‌షాఫ్టు. కామ్‌లతో పనిచేసే యంత్రములను అల్ జజరీ 1206లో తన గ్రంథములో వర్ణించాడు. 1876లో జర్మనీకి చెందిన నికొలాస్ ఒట్టో నాలుగు దశల ఇంజనును రూపొందించిన తరువాత, వాల్వులను సరియైన సమయమునకు తెరిచే ఏర్పాటు మోటారు వాహనములకు అత్యవసరమైనది.

తొలినాళ్ళ కారులలో కామ్‌షాఫ్టును పళ్ళచక్రములు గాని ఇనుప చైను గాని త్రిప్పేవి. 1962లో జర్మనీలో తయారైన గ్లాస్ 1004 కారులో, అమ్మకపు కారులలో మొదటిసారిగా పళ్ళున్న రబ్బరు బెల్టును వాడారు. బెల్టు చవక, తేలిక, శబ్దము తక్కువ. కాని దానికి ఒక ఆయుర్దాయము ఉన్నది. 1980లో ఆల్ఫా రోమియో సంస్థ, ఇంజను నడుస్తుండగానే కామ్‌షాఫ్టు సమయమును ముందుకు వెనుకకు జరిపే ఏర్పాటును అమ్మకపు కారులో ప్రవేశపెట్టినది. దీనినే నేడు వి.వి.టి. అని వ్యవహరిస్తున్నారు.

పనిచేయు విధానము

నాలుగు దశల ఇంజనులో చూషణ, సంపీడన, శక్తి, నిర్గమ దశలు అనే నాలుగు పనులు పూర్తి కావడానికి క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగుతుంది. ఆ వ్యవధిలో ప్రతి వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకోవలెను. కావున కామ్‌షాఫ్టు సరిగ్గా క్రాంక్‌షాఫ్టు వేగములో సగము వేగముతో తిరగవలెను. ఇందుకొరకు కామ్‌షాఫ్టు పళ్ళచక్రమునకు, క్రాంక్‌షాఫ్టు చక్రమునకున్న పళ్ళకు రెట్టింపు పళ్ళు ఉంటాయి.

ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు కామ్‌షాఫ్టు 1,500 చుట్లు తిరుగుతుంది. అనగా ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకొని మూసుకొంటుంది. సగటున గంటకు 60 కి.మీ. వేగముతో, నిమిషమునకు 2,500 చుట్లతో ఒక కారు లక్ష కి.మీ. ప్రయాణించినదనుకుంటే, క్రాంక్‌షాఫ్టు సుమారు 25 కోట్ల చుట్లు, కామ్‌షాఫ్టు సుమారు 12.5 కోట్ల చుట్లు తిరిగినట్లు లెక్క. ఇన్ని చుట్లలోను వాటి పొంతన చెడకుండా నిలిపేది ఆ బెల్టు లేదా చైను మాత్రమే.

బెల్టు ఒక్క పన్ను జారితే ఎంత తేడా వస్తుందో ఈ ఉదాహరణ వలన తెలుస్తుంది. క్రాంక్‌షాఫ్టు చక్రమునకు 20 పళ్ళు, కామ్‌షాఫ్టు చక్రమునకు 40 పళ్ళు ఉన్నాయనుకుందాము. ఒక్క పన్ను జారితే కామ్‌షాఫ్టు 360ని 40తో భాగించగా వచ్చే 9 డిగ్రీలు తప్పుతుంది. క్రాంక్‌షాఫ్టు కొలతలో ఇది 18 డిగ్రీలు. పిస్టను ఉన్న చోటునకు, వాల్వు తెరుచుకొనే చోటునకు ఇంత తేడా వచ్చిన ఇంజను నడిచినా సరిగా నడవదు. రెండు మూడు పళ్ళు జారితే సాధారణముగా స్టార్టు కాదు.

ఢీకొనే ఇంజనులు, ఢీకొనని ఇంజనులు

కొన్ని ఇంజనులలో పూర్తిగా తెరుచుకొన్న వాల్వు, పైకి వచ్చిన పిస్టను ఒకే చోటును వేర్వేరు సమయములలో ఆక్రమిస్తాయి. వీటిలో టైమింగు తప్పితే రెండూ ఢీకొని వాల్వులు వంగుతాయి. పిస్టనులు పగిలే అవకాశము కూడా ఉన్నది. మిగిలిన ఇంజనులలో వాల్వుకు, పిస్టనుకు మధ్య ఎప్పుడూ ఖాళీ ఉంటుంది. అటువంటి వాటిలో బెల్టు తెగినా ఇంజను ఆగిపోతుంది తప్ప లోపలి భాగములు చెడవు. సంపీడన నిష్పత్తి చాలా ఎక్కువగా ఉండుట వలన డీజిలు ఇంజనులలో అధిక భాగము మొదటి కోవకు చెందుతాయి. తన కారు ఏ కోవకు చెందినదో యజమానికి తెలియనప్పుడు ఢీకొనే రకమే అని భావించి జాగ్రత్తపడడము మంచిది.

భారతదేశపు కుటుంబ కారులలో

అంబాసిడరు కారులో చిరకాలము వాడిన 1,489 సీసీ ఇంజనులోను, ప్రీమియర్ పద్మిని కారులోను కామ్‌షాఫ్టు సిలిండరు దిమ్మలోనే ఉండి, పొడవైన కడ్డీల ద్వారా పైనున్న వాల్వులను త్రోసేది. క్రాంక్‌షాఫ్టుకు దగ్గరగా ఉండడము వలన దానికి పొట్టి చైను సరిపోయేది. 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800తో, హెడ్డుపైన కామ్‌షాఫ్టు, దానిని త్రిప్పే రబ్బరు బెల్టు సామాన్య కుటుంబములకు పరిచయమైనాయి. 1998లో వచ్చిన హ్యుండాయ్ శాంత్రో, అదే సంవత్సరము ఆవిష్కరించబడిన టాటా ఇండికా డీజిలు కూడా బెల్టు ఉన్న కారులే. 2008 నుండి మారుతి సుజుకి తన కె-సిరీస్ పెట్రోలు ఇంజనులలో చైనును వాడినది. స్విఫ్టు కారులో వచ్చిన 1.3 లీటరు డీజిలు ఇంజనుకు కూడా చైనే ఉన్నది.

చైను ఉన్న కారులకు ఈ సమస్య రాదనే అభిప్రాయము సరి కాదు. చైను సాధారణముగా ఇంజను ఆయుర్దాయమంతా పని చేసేలా తయారవుతుంది. అయితే దాని ఆరోగ్యము ఇంజను ఆయిలుపై ఆధారపడి ఉంటుంది. ఆయిలు సకాలములో మార్చని కారులో చైను లింకుల పిన్నులు అరిగి, చైను పొడవు పెరుగుతుంది. వాడుకలో దీనిని చైను సాగడము అంటారు.

లోపములకు కారణములు

* బెల్టు ముదిరి పళ్ళు ఊడిపోవడము, లేదా తెగిపోవడము. ఎండ, ఇంజను వేడి, కారిన ఆయిలు, కూలెంటు బెల్టును త్వరగా పాడు చేస్తాయి.
* చైను సాగడము, చైనుకు దారి చూపే ప్లాస్టిక్ గైడులు విరగడము.
* టెన్షనరు బిగువు కోల్పోవడము. చైను టెన్షనరులు అధిక భాగము ఆయిలు పీడనముతో పని చేస్తాయి.
* బెల్టుతో తిరిగే నీటి పంపు గాని, ఐడ్లరు పుల్లీ గాని పట్టివేయడము. బెల్టు కొత్తదైనా ఇవి పట్టివేస్తే తెగుతుంది.
* క్రాంక్‌షాఫ్టు చక్రమును పట్టి ఉంచే చిన్న కీ అరగడము లేదా విరగడము.
* వి.వి.టి. యంత్రాంగములో మడ్డి చేరి ఆయిలు కంట్రోలు వాల్వు ఇరుక్కుపోవడము.
* గతములో బెల్టు మార్చినప్పుడు గుర్తులు సరిగా కలపకపోవడము.

లక్షణములు

టైమింగు లోపమునకు మాత్రమే పరిమితమైన లక్షణము ఒక్కటీ లేదు. ఈ క్రింది వాటిలో కొన్ని కలసి కనిపించినప్పుడు అనుమానించవలెను.

* పికప్ తగ్గడము, ఎక్కుడు దారిలో గేరు మార్చినా కారు లాగకపోవడము.
* ఐడిలింగులో ఇంజను వణకడము, ఆగిపోవడము.
* ఉదయము చల్లగా ఉన్న ఇంజనును స్టార్టు చేయగానే ముందు భాగములో కొన్ని సెకనులపాటు చైను గలగలమను శబ్దము.
* ఎయిర్ ఫిల్టరు వైపు గాని, సైలెన్సరు వైపు గాని టపటపమని పేలుడు శబ్దము.
* మైలేజీ తగ్గడము, ఇంజను చెక్ లైటు వెలగడము.

కామ్‌షాఫ్టు వెనుకబడితే ఇన్‌లెట్ వాల్వు ఆలస్యముగా మూసుకొంటుంది. తక్కువ వేగములో ఇంజను బలము పడిపోతుంది. కామ్‌షాఫ్టు ముందుకు జరిగితే ఐడిలింగు చెడి, ఎక్కువ వేగములో ఇంజను ఊపిరాడనట్లు నీరసిస్తుంది.

నడుస్తున్న కారు ఒక్కసారిగా ఆగిపోయి, తిరిగి తాళము త్రిప్పినప్పుడు స్టార్టరు మామూలుకంటె తేలికగా, వేగముగా గిర్రున తిరిగితే బెల్టు తెగినట్లు అనుమానించవలెను. ఇటువంటి సమయములో మళ్ళీ మళ్ళీ స్టార్టు చేయరాదు, త్రోసి స్టార్టు చేయరాదు. ఢీకొనే ఇంజనులో, మొదటి దెబ్బకు తప్పించుకొన్న వాల్వులు కూడా ఈ ప్రయత్నము వలన వంగవచ్చును. కారును మెకానిక్ షెడ్డుకు లాగించుకొని పోవడమే సరియైన పని.

లోపనిర్ధారణ

సులభమైన పరీక్షలు ముందు, ఇంజను విప్పవలసినవి తరువాత చేయడము పద్ధతి.

మొదట ఇంజను ఆయిలు మట్టము, స్థితి చూడవలెను. ఆయిలు తక్కువగా ఉన్నా, మడ్డి పట్టినా చైను టెన్షనరు, వి.వి.టి. రెండూ సరిగా పనిచేయవు. కొన్ని సందర్భములలో ఆయిలు, ఫిల్టరు మార్చడముతోనే లోపము సర్దుకొంటుంది.

తరువాత స్కానరుతో లోప సంకేతములను చదవవలెను. భారతదేశములో బి.ఎస్-4 ప్రమాణముల కాలము నుండి కారులలో లోపములను నమోదు చేసే ఏర్పాటు తప్పనిసరి అయినది. ఈ విషయమునకు సంబంధించిన ప్రధాన సంకేతములు ఇవి:

* పి 0016 – క్రాంక్‌షాఫ్టు, కామ్‌షాఫ్టు స్థానములు పొంతన లేకుండా ఉన్నవి.
* పి 0340 – కామ్‌షాఫ్టు సెన్సరు విద్యుత్ వలయములో లోపము.
* పి 0335 – క్రాంక్‌షాఫ్టు సెన్సరు విద్యుత్ వలయములో లోపము.
* పి 0011 – కామ్‌షాఫ్టు ఉండవలసిన దానికన్నా ముందుకు జరిగినది.
* పి 0012 – కామ్‌షాఫ్టు ఉండవలసిన దానికన్నా వెనుకబడినది.
* పి 0300 – సిలిండరులలో మిస్‌ఫైర్ జరుగుచున్నది.

సంకేతము లోపము ఉన్న దిశను చూపుతుందే గాని చెడిపోయిన భాగము పేరు చెప్పదు. పి 0340 వచ్చినప్పుడు సెన్సరుతో పాటు వైరు, కనెక్టరు కూడా పరీక్షించవలెను. పి 0016 వచ్చినప్పుడు సెన్సరులు రెండూ బాగానే పని చేస్తూ ఉండవచ్చు, అవి చెబుతున్నది నిజమే కావచ్చును. అటువంటి సందర్భములో కామ్‌షాఫ్టు సెన్సరును మార్చి సంకేతమును చెరిపివేస్తే, దీపము కొద్ది రోజులు ఆరి మళ్ళీ వెలుగుతుంది. ఈలోగా సాగిన చైను మరింత సాగుతుంది. ఆసిలోస్కోపు ఉన్నచోట రెండు సెన్సరుల తరంగములను ఒకే తెరపై పరచి, మంచి ఇంజను తరంగములతో పోల్చితే పొంతన తప్పిన సంగతి ఇంజను విప్పకుండానే తెలుస్తుంది.

మూడవది సంపీడన పరీక్ష. ఇంధనము, స్పార్కు ఆపివేసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి, ప్రతి సిలిండరు పీడనమును గేజితో కొలుస్తారు. అన్ని సిలిండరులలోను పీడనము సమానముగా తగ్గితే టైమింగును అనుమానించవలెను. ఒకే సిలిండరులో తగ్గితే ఆ సిలిండరు వాల్వు లేదా పిస్టను రింగులను, పక్కపక్కనున్న రెండు సిలిండరులలో తగ్గితే హెడ్ గాస్కెటును అనుమానించవలెను.

పెట్రోలు ఇంజనులకు నాలుగవది శూన్యపీడన పరీక్ష. సముద్రమట్టము వద్ద ఆరోగ్యకరమైన ఇంజను ఐడిలింగులో వాక్యూమ్ గేజి 18 నుండి 21 అంగుళముల పాదరసము చూపుతుంది. ముల్లు కదలక స్థిరముగా ఉండి, 15 అంగుళములకన్నా తక్కువ చూపితే వాల్వు టైమింగు వెనుకబడి ఉండవచ్చును. అయితే ప్రతి 1,000 అడుగుల ఎత్తునకు ఈ అంకె సుమారు ఒక అంగుళము తగ్గుతుంది. చెన్నైలో 20 చూపిన ఇంజను, సుమారు 1,000 అడుగుల ఎత్తున్న చిత్తూరులో 19, సుమారు 2,800 అడుగుల ఎత్తున్న తిరుమలలో 17, మదనపల్లె సమీపములో 4,000 అడుగులు దాటిన హార్స్‌లీ కొండలపై 16 చూపడము సహజము. దీనిని లోపముగా భావించరాదు.

చివరిది, నిస్సందేహమైనది, కవరు విప్పి గుర్తులు చూడడము. మొదటి సిలిండరు పిస్టనును సంపీడన దశలో పై అంచునకు తెచ్చినప్పుడు, క్రాంక్‌షాఫ్టు చక్రముపై ఉన్న గుర్తు, కామ్‌షాఫ్టు చక్రముపై ఉన్న గుర్తు తయారీదారు చెప్పిన చోటులకు సరిగ్గా ఎదురుగా రావలెను.

పాత కారులలో డిస్ట్రిబ్యూటరును కామ్‌షాఫ్టే త్రిప్పుతుంది. వీటిలో బెల్టు జారితే వాల్వులతో పాటు స్పార్కు సమయము కూడా తప్పుతుంది. టైమింగు లైటుతో చూసి డిస్ట్రిబ్యూటరును తిప్పి స్పార్కును మాత్రము సరిచేస్తే, కారు కొంత బాగుపడినట్లు కనిపించి అసలు లోపము మరుగున పడుతుంది. డిస్ట్రిబ్యూటరును దాని సాధారణ స్థానమునకు చాలా దూరము త్రిప్పవలసి వచ్చినదంటే ముందుగా బెల్టు గుర్తులు చూడవలెను.

మరమ్మతు

బెల్టు మార్చే పద్ధతి కారును బట్టి మారుతుంది. ఆ కారు సర్వీసు పుస్తకమే ప్రమాణము. సామాన్యముగా పని ఈ క్రమములో జరుగుతుంది.

1. ఇంజను చల్లారిన తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పుతారు. ఆల్టర్నేటరు బెల్టు, క్రాంక్‌షాఫ్టు పుల్లీ, కవరులు తీస్తారు.
2. స్పానరుతో క్రాంక్‌షాఫ్టును అది మామూలుగా తిరిగే దిశలోనే త్రిప్పి గుర్తులను కలుపుతారు.
3. టెన్షనరు వదులు చేసి పాత బెల్టు తీస్తారు. బెల్టు లేనప్పుడు కామ్‌షాఫ్టును గాని క్రాంక్‌షాఫ్టును గాని కదపరాదు.
4. టెన్షనరు, ఐడ్లరు, నీటి పంపు, ఆయిలు సీళ్ళు పరీక్షించి, అనుమానమున్నవి మారుస్తారు. బెల్టుకు, వీటికి విప్పే కూలి ఒక్కటే కనుక ఒకేసారి మార్చడము పొదుపు.
5. కొత్త బెల్టును మెలివేయకుండా, టెన్షనరు లేని వైపు బిగువుగా ఉండేటట్లు తొడిగి, తరువాత టెన్షనరును బిగిస్తారు.
6. క్రాంక్‌షాఫ్టును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూస్తారు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతము చేయక ఆపవలెను. అది వాల్వు, పిస్టను తగులుతున్న సూచన కావచ్చును.
7. బోల్టులను నిర్ణీత బిగువుకు టార్కు రెంచితో బిగించి, కవరులు మూస్తారు.

ఆరవ మెట్టు రెండు మూడు నిమిషముల పని. దానిని వదిలివేసి తాళము త్రిప్పితే, ఒక పన్ను తేడాతో తొడిగిన బెల్టు సంగతి స్టార్టరు బలముతో బయటపడుతుంది.

చైను విషయములో చైనుతో పాటు టెన్షనరు, గైడులు, అవసరమైతే పళ్ళచక్రములు కూడా మార్చవలెను. చైనుపై రంగు వేసిన లింకులు తొడిగేటప్పుడు మాత్రమే గుర్తులకు ఎదురుగా ఉంటాయి. రెండు చుట్లు తిప్పిన తరువాత అవి జరిగిపోవడము సహజము, చక్రముల గుర్తులు కలిస్తే చాలును. కొన్ని కారులలో పని ముగిసిన తరువాత కామ్‌షాఫ్టు, క్రాంక్‌షాఫ్టు స్థానములను స్కానరు ద్వారా కంప్యూటరుకు తిరిగి నేర్పవలెను.

బెల్టు తెగిన ఇంజనులో కొత్త బెల్టు వేసి వెంటనే స్టార్టు చేయరాదు. ముందుగా సంపీడన పరీక్ష గాని, సిలిండరులోనికి గాలి ఎక్కించి ఎటు కారుతున్నదో చూసే పరీక్ష గాని చేసి వాల్వుల స్థితి తెలుసుకొనవలెను. వాల్వులు వంగితే హెడ్డు విప్పి, కొత్త వాల్వులు, గైడులు, హెడ్ గాస్కెటు వేయవలసి ఉంటుంది.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములో

చిత్తూరు జిల్లా ఐరాల మండలములోని కాణిపాకం, చిత్తూరు పట్టణమునకు సుమారు 12 కి.మీ., తిరుపతికి సుమారు 70 కి.మీ. దూరములో ఉన్నది. బాహుదా నది ఒడ్డున ఉన్న వరసిద్ధి వినాయకస్వామి ఆలయమునకు కొత్త వాహనమును తెచ్చి పూజ చేయించడము ఈ ప్రాంతమున ఆచారము. కాణిపాకము, తిరుమల కలిపి దర్శించే కుటుంబములు చాలా ఉన్నవి. ఇటువంటి యాత్రలో చదునైన రహదారిపై తేలికగా నడిచిన కారు, నిండు కుటుంబముతోను సామానుతోను అదే రోజు ఘాట్ రోడ్డు ఎక్కవలసి వస్తుంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ప్రారంభమైనవి. రెండవ దానిని కొండ ఎక్కడానికి, మొదటి దానిని దిగడానికి వాడుతున్నారు.

చదును దారిలో తెలియని టైమింగు లోపము ఎక్కుడు దారిలో బయటపడుతుంది. తక్కువ వేగము, పూర్తి బరువు, వేసవిలో 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఎండ కలిసినప్పుడు, కామ్‌షాఫ్టు వెనుకబడిన ఇంజను మొదటి గేరులో కూడా లాగలేకపోతుంది. ఘాట్ రోడ్డుపై ఇంజను ఆగిపోతే ప్రమాదము మరొక విధముగా కూడా ఉన్నది. బ్రేకుకు తోడ్పడే శూన్యపీడనము ఇంజను నడిస్తేనే తయారవుతుంది. ఆగిన తరువాత ఒకటి రెండు సార్లు బ్రేకు తొక్కేసరికి నిల్వ ఉన్నది అయిపోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు అప్పటికీ పని చేస్తుంది, కాని చాలా బలముగా తొక్కవలెను. ఇటువంటప్పుడు పెడలును విడిచి విడిచి తొక్కక, ఒకే బలముతో నొక్కి పట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రముల క్రింద రాళ్ళు పెట్టవలెను.

కొండదారిలో పైకి ముఖము పెట్టి, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లేకుండా నిలిపిన కారు కొద్దిగా వెనుకకు దొర్లితే ఇంజను వెనుకకు తిరుగుతుంది. ఆగి ఉన్న ఇంజనులో ఆయిలు పీడనము ఉండదు గనుక, అరిగిన టెన్షనరు ఉన్న చైను ఈ సందర్భములో పన్ను జారే అవకాశమున్నది. గేరుతో పాటు హ్యాండ్ బ్రేకు కూడా వేయడము దీనికి నివారణ.

నివారణ

బెల్టు మార్చవలసిన దూరము కారును బట్టి మారుతుంది. చాలా కారులకు 60,000 నుండి 1,00,000 కి.మీ. లోపల మార్చమని తయారీదారులు చెబుతారు. కాలపరిమితి కూడా ఉంటుంది. ఏడాదికి నాలుగైదు వేల కి.మీ. మాత్రమే తిరిగే కారులో కి.మీ. లెక్క పూర్తి కాకముందే రబ్బరు ముదురుతుంది. ఈ రెండింటిలో ఏది ముందు వస్తే అప్పుడే మార్చవలెను.

పాత కారు కొనేవారు బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపమని అడగవలెను. బిల్లు లేనప్పుడు మార్చనట్లే భావించి, ఆ ఖర్చును కారు ధరలో లెక్కించుకొనవలెను. చైను ఉన్న కారును రాత్రంతా నిలిపిన తరువాత, ఉదయము మొదటి స్టార్టులో విని చూడడము మంచిది. వేడెక్కిన ఇంజనులో గలగల శబ్దము వినబడకపోవచ్చును. దూర ప్రయాణమునకు, ముఖ్యముగా ఘాట్ రోడ్డు ప్రయాణమునకు ముందు ఆయిలు మట్టము చూసుకొని, వెలుగుతున్న చెక్ లైటును ఉపేక్షించక కారణము తెలుసుకొని బయలుదేరవలెను.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రము
* క్రాంక్‌షాఫ్టు
* డీజిలు ఇంజను
* మారుతి 800
* కాణిపాకం
* తిరుమల